మోకాళ్ల నొప్పికి బిళ్లలు కొనేముందు

మా కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లు చాలామందే. మా అవ్వ కూడా అంతే. నొప్పి ఎక్కువైతే మందుల షాపు నుంచి డైక్లోఫెనాక్ బిళ్లలు తెప్పించుకుని రోజూ మింగేది. మీ ఇంట్లో అలా జరగనివ్వకండి. ఆ రకం బిళ్లలు కిడ్నీలకు రక్తం అందడం తగ్గిస్తాయి, బీపీ పెంచుతాయి, కడుపులో పుండ్లు పుట్టిస్తాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లకూ, ఎండల్లో నీళ్లు సరిగ్గా తాగనివాళ్లకూ ముప్పు ఇంకా ఎక్కువ. వయసు మీదపడితే దాహం కూడా సరిగ్గా తెలియదు, మనమే గ్లాసు చేతికివ్వాలి. ఇప్పుడు అవ్వకు డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇస్తున్నాం, రాత్రిపూట వేడినీళ్ల కాపడం పెడుతున్నాం. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించాం. డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు వాడేవాళ్లకు మలం తారులా నల్లగా వస్తే ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోండి.