కోడ్ చూసి పార్టు కొనకండి: చలికి ముందు గ్యాస్ బాయిలర్ జాగ్రత్తలు

ఎండలున్నన్నాళ్ళూ, బాయిలర్ కాచిన నీళ్ళతో గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్ల మొహం ఎవరూ చూడరు. మొదటిసారి గట్టిగా చలేసిన రాత్రి థర్మోస్టాట్ పెంచుతాం, బాయిలర్ రెండు మూడుసార్లు టిక్ టిక్‌మని ఆగిపోయి, డిస్‌ప్లే మీద ఓ అక్షరం, పక్కన ఓ అంకె, అంటే ఎర్రర్ కోడ్, వెలిగించుకుని కూర్చుంటుంది. అదే రాత్రి చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఇదే తంతు కాబట్టి టెక్నీషియన్ వెంటనే దొరకడు. అందుకే చలికి ఇంకా నెల రోజులుండగానే ఓ మధ్యాహ్నం, ఉక్కపోసినా సరే, హీటింగ్ ఒక అరగంట నడిపి చూడండి.

ఆ అరగంటలో చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు, రేడియేటర్లను ఒక్కొక్కటిగా చేత్తో తాకి చూడటమే. పైభాగం చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరినట్టు. కింద చల్లగా, పైన వేడిగా ఉంటే అడుగున నల్లటి మడ్డి పేరుకున్నట్టు. అన్నీ చల్లగానే ఉండి కుళాయిలో మాత్రం వేడినీళ్ళు వస్తుంటే, వేడినీటిని కుళాయికా, రేడియేటర్లకా అని మళ్ళించే డైవర్టర్ వాల్వ్ నెలల తరబడి కదలక బిగుసుకుపోయి ఉండొచ్చు. పంపు కూడా అంతే, వాడకపోతే పట్టేస్తుంది. అసలు ఎండాకాలంలో కూడా నెలకోసారి పది నిమిషాలు నడిపేవాళ్ళకి ఈ బాధ చాలావరకు ఉండదు, కానీ అది గుర్తుపెట్టుకుని చేసేవాళ్ళు ఎంతమందని.

ఇక కోడ్ సంగతి. చాలామంది పొరపడేది ఇక్కడే. కోడ్ అంటే పాడైన పార్టు పేరు కాదు, బాయిలర్‌కి కనబడిన లక్షణం. పిల్లాడు కడుపునొప్పి అంటే నొప్పి నిజమే, ఏం తిన్నాడో మాత్రం మనమే కనుక్కోవాలి. మంట లేదని కోడ్ వస్తే దానర్థం, సెన్సర్‌కి మంట కనబడలేదని. మంట ఉన్నప్పుడు దాని గుండా మైక్రో ఆంపియర్లలో కొలిచేంత సన్నటి కరెంటు పారుతుంది, బాయిలర్‌ని నడిపే సర్క్యూట్ బోర్డు దాన్ని చూసే మంట ఉందని నమ్ముతుంది. ఆ కరెంటు అందకపోవడానికి గ్యాస్ రాకపోవడం, మంటని పసిగట్టే ఎలక్ట్రోడ్ మీద మసి, గ్యాస్ వాల్వ్ తెరుచుకోకపోవడం, నీళ్ళు బయటకి పోయే పైపు మూసుకుపోవడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కోడ్ మాత్రం ఒక్కటే.

పైగా ఒక్కో కంపెనీది ఒక్కో భాష. నీటి ప్రెషర్ తగ్గితే వైలాంట్ ఎఫ్ 22 అంటుంది, బాక్సీ ఇ 119 అంటుంది, ఐడియల్ ఎఫ్ 1 అంటుంది. అదే ఐడియల్‌లో ఎఫ్ 2 అంటే మంట ఆరిపోయిందని. వైలాంట్‌లో వెలిగించడానికి చూసి చూసి వెలగకపోతే ఎఫ్ 28, వూస్టర్ బాష్‌లో మంట కనబడకపోతే ఇఎ. కాబట్టి పక్కింటివాళ్ళ బాయిలర్‌కి పనిచేసిన చిట్కా మీ దానికి పనిచేస్తుందని లేదు. మీ మోడల్ మాన్యువల్ ఇప్పుడే వెతికి ఫోన్లో పెట్టుకోండి, చలిలో వణుకుతూ వెతికే పని కాదది.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఓ తెల్లవారుజామున బాయిలర్ ఆగిపోయి మంట లేదన్న కోడ్ చూపించింది. రీసెట్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, టిక్ టిక్ అంటుంది, మళ్ళీ అదే కోడ్. ఫోన్ చేస్తే ఒకాయన చూడకుండానే, సర్క్యూట్ బోర్డు పోయి ఉంటుంది, మార్చాలి అన్నాడు. నేను దాదాపు ఒప్పేసుకున్నాను కూడా. ఇంతలో గమనిస్తే బాయిలర్ లోపల్నించి గొట్టంలో నీళ్ళు గుక్కిళ్ళు పడుతున్నట్టు గుడగుడమని చప్పుడు. బయటకి వెళ్ళి చూస్తే గోడ వెంట దిగే తెల్ల ప్లాస్టిక్ పైపు, కాలవలో కలిసే మలుపు దగ్గర మంచుగడ్డయి ఉంది. గోరువెచ్చటి నీళ్ళు రెండు చెంబులు నిదానంగా పోశాక లోపలి గడ్డ కరిగి జారింది. రీసెట్ నొక్కితే మొదటిసారికే వెలిగింది. బోర్డుకి ఏ రోగమూ లేదు.

ఆ పైపు పేరు కండెన్సేట్ పైపు. కండెన్సింగ్ బాయిలర్లు పొగలోని ఆవిరిని చల్లార్చి ఆ వేడిని కూడా లాక్కుంటాయి, అలా తయారైన కాస్త పులుపు గుణమున్న నీరు దీంట్లోంచి పోతుంది. అది గడ్డకడితే నీరు వెనక్కి తన్ని బాయిలర్ ఆగిపోతుంది, ఆగడమే మంచిది కూడా. చలికి ముందు బయటకి వెళ్ళి ఈ పైపుని ఒకసారి చూడండి. ఇంటి బయట నడిచే భాగం లోపలి కొలత 30 మిల్లీమీటర్లకి తగ్గకుండా, మీటరుకి 50 మిల్లీమీటర్ల చొప్పున వాలుతో, వీలైనంత పొట్టిగా ఉంటే గడ్డకట్టే అవకాశం తక్కువ. సన్నగా, అడ్డంగా పాకుతూ ఉంటే కనీసం తడవని, ఎండకి చీకిపోని ఫోమ్ తొడుగు వేయించండి, మలుపుల దగ్గర ఖాళీ వదలకుండా. గడ్డకట్టిన పైపు మీద సలసల కాగే నీళ్ళు మాత్రం పోయొద్దు, ప్లాస్టిక్ పగులుతుంది, కింద పారిన నీళ్ళు మళ్ళీ గడ్డకట్టి మీరే జారిపడతారు. నిచ్చెన ఎక్కితే గానీ అందని ఎత్తులో ఉంటే వదిలేసి టెక్నీషియన్‌ని పిలవండి.

తర్వాత ఎక్కువగా వచ్చేది ప్రెషర్ కోడ్. సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడు గేజ్ మీద నీటి ప్రెషర్ 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలిచే యూనిట్) మధ్య ఉంటే చాలా ఇళ్ళకి సరిపోతుంది, వేడెక్కాక కాస్త పెరుగుతుంది. తగ్గితే బాయిలర్ కింద నీళ్ళు నింపడానికి ఉండే, పైన తీగ అల్లిక ఉన్న గొట్టం వాల్వులు నెమ్మదిగా తెరిచి నింపుకోవచ్చు, ఇది మనం చేసుకోదగ్గ పనే. ముల్లు 1.2 దాటగానే ఆపండి, రెండు వాల్వులూ గట్టిగా కట్టేయండి. మధ్యలో ఫోన్ మోగిందని వెళ్ళారో, ముల్లు 3 బార్‌కి ఎక్కి సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటుంది, ఒక్కోసారి అందులో మడ్డి ఇరుక్కుని మళ్ళీ సరిగ్గా మూసుకోదు, అప్పుడు కొత్త తలనొప్పి.

ఒకసారి నింపితే నెలలు ఆగితే పర్లేదు. వారానికోసారి నింపుతున్నారంటే నీరు ఎక్కడికో పోతోంది. నింపిన ప్రతిసారీ కొత్త నీటితో పాటు ఆక్సిజన్ లోపలికెళ్ళి రేడియేటర్లని లోపల్నించి తుప్పు పట్టిస్తుంది, ఆ నల్ల మడ్డి పుట్టేది కూడా అలాగే. ఎక్కడ పోతోందో కొంత మనమే కనిపెట్టొచ్చు. చల్లగా ఉన్నప్పుడు ఎంత, పూర్తిగా వేడెక్కాక ఎంత అని రెండు అంకెలు రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడు సున్నా దగ్గర, వేడెక్కితే 3 దగ్గర ఊగుతుంటే విస్తరణ ట్యాంకులో గాలి పోయిందేమోనని అనుమానించాలి, నీరు వేడెక్కి ఉబ్బితే సర్దుకునే చోటు అదే. ముల్లు అంతగా ఊగకుండా రోజూ కొంచెం కొంచెంగా దిగుతుంటే రేడియేటర్ వాల్వుల కింద టిష్యూ పేపర్ పెట్టి తడి చూడండి. గోడలోంచి బయటకి వంగి ఉండే సన్న రాగి పైపు చివర ఓ ప్లాస్టిక్ సంచి వదులుగా తగిలించి, పొద్దున్నకి అందులో నీళ్ళు చేరాయేమో చూడొచ్చు, కానీ చూశాక సంచి తీసేయండి, సేఫ్టీ వాల్వ్ నీళ్ళు పోయే దారి అది, మూయకూడదు.

రీసెట్ బటన్ గురించి గొడవ తక్కువే: రెండుసార్లు, మూడోసారి వద్దు. బాయిలర్ తనంతట తానే కొన్ని ప్రయత్నాలు చేసి ఓడిపోయాకే లాకౌట్ అవుతుంది, అంటే రీసెట్ చేసేదాకా మళ్ళీ వెలగనని ఆగిపోతుంది. రీసెట్‌కి ముందు స్టవ్ వెలుగుతోందా, గ్యాస్ మీటర్ ప్రీపెయిడ్ అయితే బ్యాలెన్స్ ఉందా, బాయిలర్ కింద గ్యాస్ కుళాయి తెరిచి ఉందా అని చూసుకోండి. నవ్వొస్తుంది గానీ మోడల్ ఏదైనా సగం టెన్షన్ ఇక్కడే తీరిపోతుంది.

ఇక్కడితో మన చేతిలో పని అయిపోయింది. స్క్రూలు విప్పి కేసు తెరవడం, గ్యాస్ వాల్వ్, బర్నర్, పొగగొట్టం ముట్టుకోవడం మన పని కాదు. చాలా బాయిలర్లలో ఆ ముందు రేకు అలంకారానికి కాదు, పొగ ఇంట్లోకి రాకుండా పట్టి ఉంచే సీల్‌లో అదీ ఒక భాగం. గ్యాస్ పని చెయ్యడానికి లైసెన్సు ఉన్న మనిషే రావాలి, కార్డు చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. ఏటా సర్వీసు చలికి ముందే చేయించుకుంటే మసి, సీళ్ళు, పొగలో వాయువుల కొలతలు ఆయనే చూస్తాడు.

కోడ్ రాని ప్రమాదం కూడా ఒకటుంది, కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, జ్వరం మాత్రం ఉండదు, బయటకెళ్తే తేలికపడటం, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి రావడం, ఇలా జరిగితే బాయిలర్ కట్టేసి, కిటికీలు తెరిచి, అందరూ బయటకి వెళ్ళి సాయం కోసం ఫోన్ చెయ్యాలి. బాయిలర్ ఉన్న గదిలో అలారం పెట్టండి, ఇప్పటికే ఉంటే టెస్ట్ బటన్ నొక్కి, వెనకాల ముద్రించిన గడువు తేదీ కూడా చూడండి, బ్యాటరీ మార్చినా సెన్సర్ ఆయుష్షు పెరగదు. గ్యాస్ వాసన వస్తే వేరే లెక్క: స్విచ్ వెయ్యొద్దు, వేసి ఉన్నది తియ్యొద్దు, మెయిన్ కుళాయి కట్టేసి తలుపులు తెరిచి బయటకెళ్ళాకే ఫోన్ తీయండి. గ్యాస్ అత్యవసర నంబర్ ఇవాళే ఫోన్లో సేవ్ చేసుకోండి.

టెక్నీషియన్‌ని పిలిచేటప్పుడు, బాయిలర్ పనిచెయ్యట్లేదు అని ఊరుకోకండి. మోడల్ పేరు, కోడ్ ఫోటో, ప్రెషర్ ఎంత, కోడ్ హీటింగ్ వేసినప్పుడు వచ్చిందా, కుళాయి తిప్పినప్పుడు వచ్చిందా, వచ్చేముందు ఏ చప్పుడైంది, ఇవి చెప్తే ఆయన సరైన పార్టు తెచ్చుకునే వస్తాడు. నేనైతే బాయిలర్ పక్కన గోడకి ఓ కాగితం అంటించాను, నీళ్ళు నింపిన ప్రతిసారీ తేదీ, ముందు ప్రెషర్, తర్వాత ప్రెషర్ పెన్సిల్‌తో రాస్తాను. పోయిన సర్వీసుకి వచ్చినాయన బాయిలర్ కంటే ముందు ఆ కాగితమే చదివి, నేరుగా మెట్ల కింద ఉన్న రేడియేటర్ వాల్వ్ దగ్గరికి వెళ్ళాడు.