పాత స్నోమొబైల్‌కి కొత్త బ్రేక్ ప్యాడ్‌లా? ముందు అడ్జస్టర్ వదులు చేయండి

ఈ సీజన్‌లో మొదటి మంచు పడగానే మాకు తెలిసినవాళ్ల పాత స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ఒకటి దారి మధ్యలో పొగలు కక్కింది. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ డిస్క్ ఎర్రగా కాలి ఉంది, పక్కనున్న ప్లాస్టిక్ గార్డ్ అంచు అంటుకుంది. చేతికందిన మంచు కుమ్మరించి ఆర్పారు కాబట్టి సరిపోయింది. పెట్రోల్ ట్యాంక్ అక్కడికి ఎంతో దూరంలో లేదు. ఆ ప్యాడ్‌లు ముందు రోజు రాత్రే వేసిన కొత్తవి.

ఏ బోల్టు ఎంత బిగించాలో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, దాని జోలికి పోను. నాకు భయమేసేది ఒక్క తప్పే: పాత ప్యాడ్‌లకి సరిపోయేలా బిగించి ఉన్న, బ్రేక్ లివర్ నుంచి బ్రేక్‌కి వెళ్లే కేబుల్‌ని అలాగే వదిలేసి కొత్తవి ఎక్కించడం.

ప్యాడ్‌లు అరిగేకొద్దీ ఏటా మనమే అడ్జస్టర్ (కేబుల్ బిగుతు మార్చే మర) తిప్పి కేబుల్ బిగిస్తూ వస్తాం. ఆ సెట్టింగ్‌లోనే మందంగా ఉన్న కొత్త ప్యాడ్‌లు పెడితే డిస్క్‌కి సందే మిగలదు. లివర్ మాత్రం గట్టిగా, హాయిగా ఉంటుంది. అది చూసే చాలామంది మోసపోతారు. లివర్ గట్టిగా ఉందంటే బ్రేక్ బాగుందని కాదు, ఇప్పటికే పట్టేసి ఉందేమో చూడాలి.

కారులో అయితే బ్రేక్ పట్టేస్తే వెంటనే తెలుస్తుంది, తోసినా కదలదు. స్నోమొబైల్‌లో ఎలా తెలుస్తుంది? థ్రాటిల్ (యాక్సిలరేటర్) వదిలితే మంచులో అది ఎలాగూ ఆగిపోతుంది. థ్రాటిల్ నొక్కితే ఇంజన్ ఆ రాపిడిని లెక్కచేయకుండా లాక్కుపోతుంది. లోపల డిస్క్ వేడెక్కుతుంది, వేడికి డిస్కూ ప్యాడ్‌లూ వ్యాకోచించి ఉన్న కాస్త సందూ మూసుకుపోతుంది, దాంతో ఇంకా వేడి. బానెట్ కింద గాలి కూడా సరిగా ఆడదు.

కాబట్టి పాత ప్యాడ్‌లు విప్పకముందే అడ్జస్టర్ పూర్తిగా వదులు చేయండి. కొత్తవి వేశాక ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు పట్టా) నేలకి తగలకుండా వెనక భాగాన్ని గట్టి స్టాండ్ మీదకి ఎత్తి, ఇంజన్ ఆపి ఉంచి, ట్రాక్‌ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. లివర్ నొక్కి వదిలి మళ్లీ తిప్పండి. అప్పుడూ అంతే తేలిగ్గా తిరగాలి. కొన్ని కాలిపర్లలో (ప్యాడ్‌లని డిస్క్‌కి నొక్కే భాగం) ప్యాడ్ అరిగేకొద్దీ తనంతట తానే బిగుసుకునే రాట్చెట్ అనే పళ్ల అమరిక ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పాకే ప్యాడ్‌లు పెట్టాలి, తర్వాత టిక్ టిక్ శబ్దం ఆగేదాకా లివర్ నొక్కుతూ ఉండాలి.

దుమ్ము సంగతి. పాత ప్యాడ్‌లలో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే నార) ఉండొచ్చు. ఎయిర్ గన్‌తో ఊదకండి, పొడిగా గరుకు కాగితం పెట్టకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

డిస్క్ సంగతి. చాలా పాత మోడళ్లలో ఒక ప్యాడ్ కదలదు, రెండోది నొక్కుతుంది, డిస్కే షాఫ్ట్ మీది గాడుల మీద అటూ ఇటూ కొద్దిగా జరగాలి. ఆ గాడులు తుప్పు పట్టి డిస్క్ బిగుసుకుపోతే ఒకే ప్యాడ్ అరుగుతుంది, వదిలినా రాచుకుంటూనే ఉంటుంది. అరిగిన ప్యాడ్‌లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం బయటపడుతుంది, అందుకే వెంటనే పారేయకండి.

ఇక మిగిలినవి వరసగా చెప్తాను.

పని మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేయండి.

ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్న ప్యాడ్‌లు కొత్తవి కావు. జిగురు ఎండి లైనింగ్ ఊడి వస్తుంది.

ప్యాడ్ మీద ఆయిల్ కనిపిస్తే చెయిన్‌కేస్ (చెయిన్ ఆయిల్‌లో తిరిగే పెట్టె) సీల్ చూడండి. సీల్ మార్చకుండా ప్యాడ్ మార్చడం దండగ.

ఆయిల్ తాగిన ప్యాడ్‌ని కడిగి మళ్లీ వాడొద్దు.

లివర్ దగ్గర కేబుల్‌లో ఒక్క పోగు తెగి ఉన్నా కేబుల్ మార్చాలి. కేబుల్ తొడుగులో చేరిన తడి గడ్డకడితే లివర్ వదిలినా బ్రేక్ వదలదు.

డిస్క్ జాక్‌షాఫ్ట్ (చెయిన్‌ని తిప్పే పై షాఫ్ట్) మీద ఉంటే, మీ బ్రేక్ ట్రాక్‌ని ఆపేది చెయిన్ ద్వారానే. చెయిన్ తెగితే బ్రేక్ లేనట్టే. ఎలాగూ విప్పారు కదా, చెయిన్ బిగుతు చూడండి.

కాటర్ పిన్ (నట్టు ఊడకుండా కొసలు వంచే చీలిక పిన్ను) కొత్తదే వేయండి. పాతది తిన్నగా చేసి మళ్లీ వాడకండి.

డ్రైవ్ బెల్ట్ (ఇంజన్ శక్తిని ట్రాక్ వైపు పంపే బెల్ట్) మీది గార్డ్ లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. తిరిగే ట్రాక్ వెనక ఎవరూ నిలబడొద్దు. పిల్లల్ని అసలు రానివ్వొద్దు.

తలుపు మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపొద్దు.

పార్కింగ్ బ్రేక్ తీశారో లేదో ప్రతిసారీ చూసుకోండి. అది మర్చిపోయినా డిస్క్‌కి ఇదే గతి.

మళ్లీ చెప్తున్నాను: అడ్జస్టర్ వదులు చేశాకే కొత్త ప్యాడ్‌లు. ట్రాక్ చేత్తో తిప్పి చూశాకే బానెట్ మూయండి.

మొదటిసారి ఒంటరిగా, దూరం వెళ్లకండి. చదునైన చోట బ్రేక్ ముట్టకుండా కాస్త నడిపి, ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తండి. డిస్క్‌ని చేత్తో తాకొద్దు, చిటికెడు మంచు వేయండి. చుయ్‌మందంటే బ్రేక్ పట్టేస్తోంది. అక్కడి నుంచి నడుపుకుంటూ ఇంటికి రావద్దు. అక్కడే అడ్జస్టర్ వదులు చేసి, డిస్క్ చల్లారాక మళ్లీ చూడండి. అప్పటికీ వదలకపోతే ఇంకో బండితో లాగించుకు రండి, అదీ డ్రైవ్ బెల్ట్ తీసేసి, ట్రాక్ తిరుగుతోందని చూసుకున్నాకే. ట్రాక్ తిరగకపోతే బండిని ట్రెయిలర్ ఎక్కించాల్సిందే.