చలికాలంలో మారథాన్ సాధన: వారాన్ని ఎలా సర్దుకోవాలి?

ఈ వారం ప్రణాళిక 42.195 కిలోమీటర్ల పోటీకి ఇంకా రెండు నెలలు ఉండి, ఇప్పటికే వారానికి 50 కిలోమీటర్లు తేలిగ్గా పరిగెత్తుతున్నవారి కోసం. చలిలో ఎక్కువమంది దెబ్బతినేది ఒకే చోట: కాగితం మీద మంగళవారం అని రాసుకున్నాం కదా అని, గడ్డకట్టిన రోడ్డు మీద కూడా ఆ రోజే వేగంగా పరిగెత్తబోతారు. నిజానికి వారంలో ముఖ్యమైన పరుగులు రెండే. ఒకటి వేగం పరుగు, రెండోది లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు. వారం మొదలయ్యే ముందే ఏడు రోజుల వాతావరణం చూసి, ఉన్నవాటిలో మంచి రోజులు ఈ రెండింటికీ ఇవ్వండి. మధ్యలో కనీసం 48 గంటలు ఎడం ఉంచండి. మిగతావి అటూ ఇటూ జరిగినా నష్టం లేదు.

బట్టలు

గుమ్మం దాటగానే కాస్త చలి వేయాలి. అప్పుడే సరిగ్గా వేసుకున్నట్టు. పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి, బయట ఉన్నదానికంటే 8 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని బట్టలు ఎంచుకోండి.

- 5 నుంచి 10 డిగ్రీలు: పొడుగు చేతుల చొక్కా ఒక్కటి, పల్చటి గ్లౌజులు.
- 0 నుంచి 5: పైవాటితో పాటు కాళ్లకు టైట్స్, చెవులు కప్పే పట్టీ.
- సున్నా కంటే తక్కువ: లోపల పాలియెస్టర్ లేదా మెరినో ఉన్ని చొక్కా, పైన గాలిని ఆపే పల్చటి జాకెట్, టోపీ, వేళ్లన్నీ ఒకే చోట ఉండే మందపాటి గ్లౌజులు.

ఒంటిని అంటుకుని ఉండే పొర మాత్రం నూలుది వద్దు. నూలు చెమటను పీల్చి పట్టుకుంటుంది. మీరు వేగం తగ్గించిన మరుక్షణం ఆ తడి గుడ్డే ఒంట్లోని వేడిని లాగేస్తుంది.

ఉష్ణోగ్రతతో పాటు గాలినీ లెక్కలోకి తీసుకునే విండ్‌చిల్ అంకె చూడండి. అది మైనస్ 28కి చేరితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. అంతదాకా ఎందుకు, మైనస్ 20 దాటితేనే ఆ రోజు ట్రెడ్‌మిల్ ఎక్కడం మంచిది.

బయటికి వెళ్లేముందు

చల్లబడిన కండరం బిగుసుకుని, నెమ్మదిగా స్పందిస్తుంది. పిక్క, తొడ వెనక కండరం పట్టేసేది అందుకే. ఇంట్లోనే 8 నిమిషాలు కేటాయించండి: ఉన్నచోటే నడక, 15 గుంజీలు, ఒక్కో కాలు ముందుకూ వెనక్కూ 10 ఊపులు, మునివేళ్ల మీద 15 సార్లు లేవడం. ఒళ్లు వెచ్చబడితే చాలు, చెమట పట్టనివ్వకండి. బయట మొదటి 2 కిలోమీటర్లు మాట్లాడుకుంటూ పరిగెత్తేంత నెమ్మదిగానే సాగాలి.

వారం

సోమవారం పరుగు లేదు. 30 నిమిషాలు ఇంట్లో కాళ్లకు, నడుముకు బలాన్నిచ్చే వ్యాయామం చేయండి.

మంగళవారం 10 కిలోమీటర్లు, ఇది వేగం పరుగు. వామప్ తర్వాత 1 కిలోమీటరు చొప్పున ఐదుసార్లు, ఒక్క ఊపిరిలో నాలుగైదు మాటలకు మించి పలకలేనంత వేగంతో. మధ్యలో 2 నిమిషాలు జాగింగ్. నిలబడిపోవద్దు, చెమట చల్లారిపోతుంది. రోడ్డు జారుతుంటే ట్రెడ్‌మిల్‌ను 1 శాతం ఎత్తులో పెట్టి చేయండి, లేదా బుధవారానికి మార్చండి. మంచు మీద వేగం కోసం ప్రయత్నిస్తే అడుగు జారిన ప్రతిసారీ గజ్జ కండరాలు లాగుతాయి.

బుధవారం 8 కిలోమీటర్లు, తేలిగ్గా.

గురువారం 10 కిలోమీటర్లు. నడిమి 5 పోటీ రోజు వేగంతో. వాతావరణం బాగాలేకపోతే ముందు వదులుకోవాల్సింది ఈ వేగాన్నే. అన్నీ తేలిగ్గా పరిగెత్తినా సరిపోతుంది.

శుక్రవారం విశ్రాంతి. శనివారం 6 కిలోమీటర్లు, చివర్లో 20 సెకన్ల చురుకు పరుగులు నాలుగు.

ఆదివారం 24 కిలోమీటర్లు. మొత్తం 58.

మెత్తటి మంచులో, ఎదురుగాలిలో గడియారం చూపే వేగాన్ని నమ్ముకోవద్దు. ఊపిరిని బట్టి, సమయాన్ని బట్టి పరిగెత్తండి. చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి మణికట్టు దగ్గర కొలిచే గుండె వేగం కూడా తప్పు చూపించవచ్చు.

లాంగ్ రన్

24 కిలోమీటర్లు ఒకే దారిలో వెళ్లి రావడం కంటే, 6 కిలోమీటర్ల చుట్టు నాలుగుసార్లు తిరగడం మేలు. ప్రతి చుట్టులోనూ పొడి గ్లౌజులు, నీళ్లు దొరుకుతాయి. ఒంట్లో బాగాలేకపోతే ఇల్లు ఎప్పుడూ 3 కిలోమీటర్లకు మించి దూరం ఉండదు. తప్పనిసరిగా వెళ్లి రావాల్సిన దారే అయితే, వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉండేలా చూసుకోండి. చెమటతో తడిసి తిరిగొచ్చేటప్పుడు గాలి వీపు వైపు ఉండాలి.

చలిలో దాహం అంతగా వేయదు, కానీ చెమట, ఊపిరి ద్వారా నీరు పోతూనే ఉంటుంది. గంటకు 300 నుంచి 500 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా తాగండి. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి తలకిందులుగా పెట్టుకోండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత వైపు ద్రవంగానే ఉంటుంది. పరుగు మధ్యలో శక్తి కోసం తినే జెల్ చలికి బంకలా గట్టిపడి కవర్లోంచి రాదు. తినడానికి పది నిమిషాల ముందు గ్లౌజులో, అరచేతికి ఆనించి పెట్టుకుంటే మెత్తబడుతుంది. మొదటిది 40వ నిమిషంలో, తర్వాత ప్రతి 35 నిమిషాలకొకటి. ఫోను కూడా చొక్కా లోపలే ఉంచండి, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

వేళ్లు, ముక్కు, చెవులు మొద్దుబారి తెల్లగా పాలిపోతే లోపలికి వచ్చేయండి. రుద్దకండి, చర్మం లోపల గాయమవుతుంది. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆగని వణుకు, తడబడే మాట ఉంటే ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడుతోందని అర్థం. అప్పుడు పరుగు పూర్తిచేయాలన్న ఆలోచన వద్దు. వెచ్చటి చోటికి చేరి సాయం పిలవండి.

పరుగు ఆగాక

మొదటి పది నిమిషాల్లో తడి బట్టలు మార్చుకోండి, స్ట్రెచింగ్ ఆ తర్వాతే. గంటలోపు ఏదైనా వేడిగా తాగి, భోజనం చేయండి. బూట్ల లోపలి అట్ట తీసి, అందులో పాత న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, గంట తర్వాత అవి మార్చండి. హీటరు పక్కన మాత్రం పెట్టకండి. జిగురు ఊడుతుంది, అడుగున ఉన్న ఫోమ్ గట్టిపడుతుంది. రెండు జతలుంటే రోజు విడిచి రోజు మార్చి వేసుకోండి. తడిసిన జత పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి రోజు పైనే పడుతుంది.