జన్యువుల్లో చరిత్ర, 5వ పాఠం: కలిసిన కాలం వేరు, వచ్చిన కాలం వేరు

రెండు గుంపులు కలిశాక ప్రతి తరంలో క్రోమోజోములు తెగి అతుక్కుంటూ, ఒక్కో గుంపు నుంచి వచ్చిన ముక్కలు చిన్నవవుతాయి. ఆ ముక్కల పొడవు చూసి కలయిక ఎన్ని తరాల కిందటిదో కట్టే లెక్క పోయినసారి ఇచ్చాను, దాదాపు అందరూ సరిగ్గానే చేశారు. సగటు ముక్క పొడవు 2 సెంటీమోర్గాన్లు (తరానికి 1 శాతం తెగే అవకాశం ఉన్నంత పొడవు 1 సెంటీమోర్గాన్), 100ని 2తో భాగిస్తే 50 తరాలు, తరానికి 29 ఏళ్ల చొప్పున 1450 ఏళ్లు. బాగుంది. కానీ దాని కింద "కాబట్టి బయటి గుంపు వాళ్లు 1450 ఏళ్ల క్రితం ఇక్కడికి వచ్చారు" అని ఒక వాక్యం చేర్చారు చూడండి, అది తప్పు. ఈసారి పీసీఏ (జన్యు పోలికలను బట్టి మనుషులను ఒక పటం మీద చుక్కలుగా చూపే పద్ధతి) మొదలుపెడదామనుకున్నాను, ఇది తేలేదాకా దాన్ని పక్కన పెడుతున్నాను.

రెండు గుంపుల వాళ్లు పెళ్లి చేసుకుంటే పుట్టిన బిడ్డలో ప్రతి జతలో ఒక క్రోమోజోమ్ మొత్తం అమ్మ వైపుది, ఇంకొకటి మొత్తం నాన్న వైపుది. ఇంకా ఏదీ తెగలేదు. ఆ బిడ్డకు పిల్లలు పుట్టేటప్పుడే మొదటి తెగుడు. మన లెక్క మొదలయ్యేది అక్కడి నుంచి. ఒకే వాడలో 500 ఏళ్లు పక్కపక్కన బతికినా, ఒకరి పెళ్లిలో ఒకరు భోజనం చేసినా, పిల్లనిచ్చి పుచ్చుకోకపోతే ముక్కల లెక్కలో ఆ 500 ఏళ్లు ఉండవు.

హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ వెళ్తుంటాం కదా, ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌ది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల జన్యువుల మీద మన సీసీఎంబీ (హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్లు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. నమూనాలు గుజరాత్, కర్ణాటకలవి కాబట్టి అందులోని అంకె తెచ్చి ఏసీ గార్డ్స్ వాళ్లకు అంటించకండి. అక్కడ తేలింది ఏమిటంటే, స్థానికులతో కలయిక సుమారు 8 తరాల నాటిది, అంటే 200 ఏళ్ల లోపు. (నా 29తో గుణిస్తే 232, 25తో అయితే 200. అందుకే ముందు తరాలు రాయండి, ఏళ్లు తర్వాత.) మరి ఆఫ్రికా నుంచి బానిసగా వచ్చి, సేనానిగా దక్కన్‌ను గడగడలాడించిన మాలిక్ అంబర్ చనిపోయిందే 1626లో! ఆఫ్రికా మనుషులు అప్పటికే ఇక్కడ ఉన్నారు. 8 తరాల అంకె చెప్పేది పెళ్లిళ్ల గురించి, ఓడ దిగిన రోజు గురించి కాదు.

2013లో వచ్చిన పరిశోధనలోని అంకెకూ ఇదే వర్తిస్తుంది. భారత ఉపఖండంలోని 73 గుంపులు చూసి, ఉత్తర, దక్షిణ పూర్వీకులనే రెండు పాత జనాల కలయిక 1900 నుంచి 4200 ఏళ్ల క్రితం జరిగిందన్నారు. దాన్ని వలస తేదీ అని ఎవరైనా వాదిస్తే ఈ పాఠం చూపించండి.

అభ్యాసం ఒక్కటే, కానీ గంట పడుతుంది. ఒక గుంపులో కలయిక 100 తరాల క్రితం ఒకసారి, 10 తరాల క్రితం ఇంకోసారి జరిగిందనుకోండి, రెండిటికీ సమాన వాటా. మూడో పాఠంలోని తగ్గుదల సూత్రంతో (e^(−తరాలు × దూరం/100), దూరం సెంటీమోర్గాన్లలో) దూరం 0, 1, 2, 5, 10 సెంటీమోర్గాన్ల దగ్గర రెండిటి సగటు కట్టి, సహజ లాగ్ (ln) తీసి గ్రాఫ్ కాగితం మీద గీయండి. సాఫ్ట్‌వేర్ వద్దు, చేత్తోనే. గీత వంగుతుంది. 0 నుంచి 1 మధ్య వాలు చూస్తే (మైనస్ గుర్తు వదిలి 100తో గుణించి) నాకు 45 తరాలు వచ్చాయి, 5 నుంచి 10 మధ్య చూస్తే 10. మీకూ అవే రావాలి. అసలు 45 తరాల క్రితం ఆ గుంపులో ఏం జరిగిందో రెండు వాక్యాల్లో రాసి పంపండి.