లారీ ట్యూబుకు సగం గాలి చాలు

అనంతపురం పాతూరులో నాది సైకిల్ రిపేరు, పంచర్ షాపు. మావాడికి పదేళ్లు. పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండవు. ఆస్పత్రుల్లో సీపీ అంటారు. కాళ్లు బిగుసుకుపోతాయి, నిలబెడితే ఒకదానికొకటి అడ్డంగా కత్తెర పడతాయి. ఫిజియోథెరపీ మేడమ్ నేర్పిన ఎక్సర్‌సైజులు మూడేళ్లు చాప మీద చేయించాం. చాప పరిస్తేనే ఏడుపు మొదలయ్యేది. అవే కదలికలు ఆటలోకి వచ్చాక ఆ ఏడుపు పోయింది. ఎక్సర్‌సైజులు మానేయమని కాదు. మేడమ్‌ను అడిగే మార్చుకున్నాం. మీరూ ముందు అడగండి. భవిత కేంద్రానికి (ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఫిజియో వచ్చే రోజు కనుక్కుని, పిల్లాడు ఆడే ఆట అక్కడే ఒకసారి చూపించండి.

మా ఇంట్లో బాగా పనికొచ్చింది పాత లారీ ట్యూబు. నిండుగా గాలి కొట్టొద్దు. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగాలి. పిల్లాణ్ని గుర్రం మీద కూర్చోబెట్టినట్టు, ఒక కాలు ట్యూబు లోపల, ఒక కాలు బయట పెట్టి కూర్చోబెట్టండి. తొడల మధ్య ట్యూబు ఉంటే కాళ్లు కత్తెర పడవు. మడమలు నేలకు ఆనాలి. మీరు వెనక కూర్చుని రెండు అరచేతులూ తుంటి మీద ఆనించండి. చంకల కింద పట్టి ఎత్తడం, చేతులు పట్టి లాగడం వద్దు.

మొదటిసారి నేను గట్టిగా గాలి కొట్టాను, వాడు ఎగిరి వెనక్కి పడ్డాడు. ఇంకోసారి వాల్వు గీసుకుని తొడ ఎర్రగా కమిలింది. రోజూ పంచర్లు వేసేవాణ్ని, నాకే తట్టలేదు! ఇప్పుడు వాల్వును కిందికి తిప్పి, పాత లుంగీ గుడ్డ చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కడతాను.

కూర్చున్నాక ఊరికే ఊపితే రెండు నిమిషాలకే విసుగొస్తుంది. ఎదురుగా బకెట్ పెట్టి, శనగలు పోసి కుట్టిన చిన్న గుడ్డసంచులు అందులో వేయమంటాను. సంచులన్నీ ఎడమవైపే పెడతాను, ఎందుకంటే వాడు ఎడమచెయ్యి వాడడు. అందుకోవాలంటే నడుము తిప్పాలి, బరువు ఒక కాలి నుంచి రెండో కాలికి మార్చాలి. చాప మీద బతిమాలి చేయించిందే ఇది. ఊపే ముందు "ఊపుతా రా" అని చెప్పండి. హఠాత్తుగా కుదిపినా, పక్కన ఎవరైనా గట్టిగా అరిచినా ఇలాంటి పిల్లల కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. గోరువెచ్చని నీళ్లు పోశాక ఆడితే ఒళ్లు తేలిగ్గా కదులుతుంది.

5 నుంచి 17 ఏళ్ల లోపు వైకల్యమున్న పిల్లలకూ రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒకేసారి గంట అనుకుని టెన్షన్ పడొద్దు. పావుగంట చొప్పున ముక్కలు చేయండి. మా ఊరి ఎండలకు పొద్దున్నే కొంత, పొద్దుగూకాక కొంత. వేసవిలో ట్రైసైకిల్ ఇనుప కడ్డీని ముందు మీ చేత్తో ముట్టుకుని చూడండి. కాళ్లకు స్పర్శ తక్కువున్న పిల్లలకు కాలినా తెలియదు.

ఇక వీధి ఆటలు. మావాడు వెళ్లిన ఒక బడిలో ఆటల పీరియడ్ అంతా స్కోరు రాయించేవారు. అంపైర్ సార్ అని ముద్దుగా పిలిచేవారు, ఆటకు మాత్రం పిలిచేవారు కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 16వ సెక్షన్ చదవండి: బడిలో ఆటల అవకాశం మిగతా పిల్లలతో సమానంగా ఇవ్వాలని రాసి ఉంది. ఆ పేజీ జిరాక్స్ తీసి చేతికిచ్చాక పద్ధతి మారింది.

వీధిలో చట్టం అవసరం రాలేదు. ఏడు పెంకులు ఆడేటప్పుడు పెంకులను నేల మీద కాకుండా స్టూలు మీద పేర్చమన్నాను. వాకర్ వదిలి వంగాల్సిన పని లేదు. బంతి పాత సాక్సుల్లో గుడ్డలు కుక్కి చేసింది. మిగతాదంతా పిల్లలే తేల్చుకున్నారు. "వీడు ఎనిమిది అడుగుల నుంచి కొడతాడప్పా, మేము పదహారు" అన్నారు. క్రికెట్‌లో బంతిని నేల మీద దొర్లిస్తారు, వాడు సగం పిచ్ దాటితే ఒక రన్. అవుటైతే మాత్రం అవుటే, జాలి లేదు. అలా అవుటైన రోజు వాడు అన్నం తినకుండా అలిగాడు, నాకు లోపల సంతోషం.

బండి సంగతి నన్నడగండి. వీల్‌చైర్‌వి గాలి టైర్లయితే వారానికోసారి గాలి చూడండి. గాలి తగ్గితే తొయ్యడం బరువై, పిల్లాడు తొందరగా అలిసిపోతాడు. వాడికి ఓపిక లేదని మనం అనుకుంటాం. ముందువైపు ఉండే చిన్న చక్రాల ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు బ్లేడుతో కోసి తీయండి. వాకర్ కాళ్ల రబ్బరు బుష్‌లు అరిగితే నాపరాళ్ల మీద జారుతుంది, వెంటనే మార్చండి.

డౌన్ సిండ్రోమ్ పిల్లల చేత డాక్టర్‌ను అడగకుండా పల్టీలు కొట్టించొద్దు, కొందరికి మెడ ఎముకల పట్టు వదులుగా ఉంటుంది. ఫిట్స్ వచ్చే పిల్లల్ని నీళ్ల దగ్గర, ఎత్తుల్లో ఒంటరిగా వదలొద్దు. ఆడిన మర్నాడు కూడా నొప్పి ఉంటే ఆట తగ్గించి, ఫిజియోకు చెప్పండి.

మా వీధిలో చూపు లేని పాప ఒకామె ఉంది. ప్లాస్టిక్ బంతికి చిన్న కోత పెట్టి, సైకిల్ హబ్‌లో వేసే ఇనప గోళీలు నాలుగు వేసి, పంచర్ అతుకు వేసి మూసేశాను. దొర్లితే గలగలమంటుంది. ఆ పాప ఆడేటప్పుడు ఎవరూ అరవకూడదని రూల్. మావాళ్లకు అన్నిటికన్నా కష్టమైంది ఆ రూలే.