నీడలకు నలుపు రంగు వద్దు
విజయనగరం గంటస్తంభం కూడలిని సాయంకాలపు వెలుగులో తైలవర్ణాలతో చిత్రించదలచినవారు నలుపు ట్యూబును పెట్టెలోనే ఉంచడం మంచిది. ఎండ నారింజ ఛాయలో ఉన్నప్పుడు నీడలు నీలం, ఊదా ఛాయల్లో కనిపిస్తాయి కనుక, అల్ట్రామెరైన్ నీలంలో కొద్దిగా బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపితే నలుపు ఇవ్వలేని జీవమున్న ముదురు రంగు వస్తుంది. అందులో నీలం పాలు పెంచితే నీడ చల్లగాను, సియెన్నా పాలు పెంచితే వెచ్చగాను తోస్తుంది. ఆటోలను, తోపుడుబండ్లను, జనాన్ని గీతలు గీసి నింపకుండా, కింది పొర తడిగా ఉండగానే చదును కుంచెతో ఒక్కొక్క మచ్చగా పెట్టి వదిలేయాలి. మళ్లీ రుద్దితే రంగులు కలిసి బురదవుతాయి (నా తొలి కాన్వాసులన్నీ అలాగే పాడయ్యాయి). 1897లో చిత్రకారుడు కమీ పిస్సారో పారిస్ వీధులను హోటల్ కిటికీలోంచి చిత్రించినట్లు, మేడమీది నుంచి చూస్తే మనుషులు మచ్చలుగానే కనిపిస్తారు.