ఇంట్లో నారు పోసే ముందు: అమెరికా చలి ప్రాంతాల్లోని తెలుగువారికి జాగ్రత్తలు

- మీ ఊరి చివరి ఫ్రాస్ట్ తేదీ (వసంతంలో గడ్డకట్టే చలి ఆఖరుసారి వచ్చే రోజు) నుంచి వెనక్కి లెక్కేయండి. మిర్చి, వంగ 8–10 వారాల ముందు, టమాటా 6–8. బీర, సొర, కాకరకు 3–4 చాలు. ఈ తీగజాతులు వేళ్లు కదిలితే ఓర్చుకోవు గనక విడి కప్పుల్లోనే వేయండి.

- పెరటి మట్టి వద్దు, సీడ్ స్టార్టింగ్ మిక్స్ (విత్తనాలు మొలకెత్తించేందుకు అమ్మే తేలికపాటి మిశ్రమం) వాడండి. పాత ట్రేలను 1 పాలు బ్లీచ్, 9 పాళ్ల నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి కడగండి. లేదంటే నారుకుళ్లు తెగులు తగిలి మొలకలు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోతాయి. అతిగా తడిపినా అదే గతి.

- మిర్చి, వంగ మొలకెత్తాలంటే మట్టి వేడి 80–85 డిగ్రీల ఫారెన్‌హీట్ కావాలి. గది వెచ్చగానే ఉందిలే అనుకోవద్దు. ట్రే కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే చాప) పెట్టండి.

- కిటికీ వెలుగు చాలదు, మొక్కలు సన్నగా సాగుతాయి. మామూలు షాప్ లైటైతే (గ్యారేజీల్లో వేలాడదీసే ట్యూబ్ లైటు) మొక్కలకు 2–3 అంగుళాల ఎత్తులో, రోజుకు 14–16 గంటలు వెలగాలి.

- పాత విత్తనాలా? తడి పేపర్ టవల్‌లో 10 గింజలు చుట్టి ఎన్ని మొలకెత్తుతాయో చూడండి.